సాయిలు మామ ఆటోలో చెక్క ఎక్కడం

హఫీజ్‌పేట్‌లో మా కాలనీ పిల్లల్ని బడికి చేర్చే ఆటో మా మేనమామ సాయిలుది. ఆటో కొనకముందు ఆయన నానక్‌రామ్‌గూడ నుంచి మాదాపూర్‌కి లారీలో బండరాళ్లు తోలేవాడు. అక్కడ లేస్తున్న అద్దాల మేడల్ని చూడడానికి ఊరంతా వెళ్లింది గాని, వాటి కింద ఏ రాయి పడిందో అడగడానికి మామ దగ్గరికి ఎవరూ రాలేదు. రాళ్ల దగ్గర ఆయన నేర్చుకున్నది ఒక్కటే: "నేలకు ఆనని సరుకు, బ్రేక్ కొడితే ఆగదు బిడ్డా."

పిల్లలకూ అదే చట్టం. వెనక సీటులో చిన్నవాళ్లకు రెండు భుజాల మీదుగా వచ్చే బెల్టులు. పాత కార్లవి తెచ్చి బాలానగర్‌లో కుట్టించాడు. పెద్ద పిల్లలకు ఆ సీటుకు ఎదురుగా చెక్క, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ. చెక్క మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా కింద ఆనాలి. ఆనితే బెల్టు పోతుంది. వయసు అడగడు, బరువు అడగడు. బెల్టులు పెట్టడం, తీయడం నా పని. తొమ్మిదిలో చదువు ఆగాక అదే బడిలో ఆయాగా చేరాను. రోజూ పిల్లలతోనే వెళ్తాను.

మామ దీన్ని జాగ్రత్త అనుకున్నాడు. కాలనీ ప్రమోషన్ అనుకుంది.

జూన్‌లో రసజ్ఞ చెక్క ఎక్కింది. ఆ పిల్లకన్నా మూడు నెలలు పెద్దవాడైన ఆదర్శ్ బెల్టులోనే ఉండిపోయాడు. వాళ్ల నాన్న సోమేశ్వరరావుగారు ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు, కాలనీ సంఘం అధ్యక్షుడు. కన్నకొడుకు సీనియారిటీ దెబ్బతింటే ఆయన ఊరుకోగలరా? భార్య వీరలక్ష్మిగారితో కలిసి, ఆటో ఆగే కాలనీ గేటు దగ్గరికి వచ్చారు.

"మావాడికి క్లాసులో రెండో ర్యాంకండి," అన్నారామె. "రసజ్ఞది పదిహేడు."

"ర్యాంకు కిందికి ఆనదమ్మా. కాళ్లు ఆనాలె," అన్నాడు మామ.

"ఇరవై ఏళ్లుగా రూల్స్ చూస్తున్నాను సాయిలూ," అన్నారు రావుగారు. "సడలింపు లేని రూలు నాకింతవరకు కనబడలేదు."

"గిదొక్కటి చూడుండ్రి సార్."

"సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ వాడు బెల్టులోనే ఉంటే కాలనీ పిల్లలందరూ వ్యాన్‌లో వెళ్తారు."

మామ ఆటో ఎక్కేది ఎనిమిది మంది. ఎనిమిది మందీ ఆ కాలనీవాళ్లే.

సోమవారం ఆదర్శ్ కొత్త నల్ల బూట్లతో, బురదలో నడుస్తున్నట్టు అడుగులు వేస్తూ వచ్చాడు. చెక్క మీద కూర్చున్నాడు. రెండు బూట్లూ కింద ఆనాయి. శనివారం నాడు నేను బెల్టు తీసినప్పుడు గాలిలో ఊగిన కాళ్లవి. ఆదివారం ఒక్కరోజులో జానెడు పెరిగాయంటే ఆ ఇంటి భోజనం గొప్పదే అయ్యుండాలి.

మామ వంగి చూశాడు. ముఖం చిన్నబోయింది. "ఆనినయి," అన్నాడు, తన రూలుకు తనే దొరికిపోయి.

నలుగురిలో నాకు నోరు పెగలదు. కింద కూర్చుని లేసు విప్పాను. లాగకుండానే బూటు చేతిలోకి వచ్చింది. అందులోంచి మడతలు పెట్టిన పేపరు పడింది, కంప్యూటర్ ఉద్యోగాల పేజీ. పిల్లవాడి కాలు చెక్క కింద వేలాడుతోంది.

"అమ్మ పెట్టింది," అన్నాడు ఆదర్శ్.

గేటు దగ్గర తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"పెరిగే పిల్లాడికి రెండు సైజులు పెద్దవి కొంటాం. తప్పా?" అన్నారు రావుగారు.

"తప్పేం లేదు సార్. పేపరు కాళ్లు బ్రేక్ కొడితే ఆగయి, గంతే."

రావుగారు కొడుకును దింపి స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని వెళ్లిపోయారు. అక్కడ బెల్టూ లేదు, చెక్కా లేదు; పరువు మాత్రం పూర్తిగా ఉంది. వ్యాన్‌లో పంపమని ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పారట. ఉదయం గేటు దగ్గర నిలబడిన తల్లుల్లో ఒక్కరూ ఊఁ అనలేదు.

గురువారం నాడు, తవ్వి వదిలేసిన రోడ్డు దగ్గర స్కూటర్‌కి అకస్మాత్తుగా బ్రేక్ పడింది. శుక్రవారం ఆదర్శ్ గడ్డం మీద ప్లాస్టర్‌తో కనిపించాడు. వీరలక్ష్మిగారు మామను వదిలేసి నన్ను పక్కకు పిలిచారు.

"బెల్టే వెయ్యమ్మాయ్. కాకపోతే గేటు దాటాక వెయ్యవా?"

"బండి కదలకముందే వెయ్యాలండి," అన్నాను. నేనే అన్నానా అనిపించింది.

ఆమె గేటు వైపోసారి, రోడ్డు వైపోసారి చూశారు. ఇప్పుడు ఆదర్శ్ గేటు దగ్గర ఎక్కడు. తల్లి చెయ్యి పట్టుకుని స్టేషన్ రోడ్డు మలుపు దాకా నడిచి వస్తాడు. చుట్టుపక్కల కాలనీవాళ్లు ఎవరూ లేరని ఆమె చూసుకున్నాక, నేను రెండు భుజాల మీదా బెల్టు సర్ది బిగిస్తాను. పొద్దున్నే నడిస్తే కాళ్లు తొందరగా పెరుగుతాయని డాక్టరు చెప్పాడని ఆమె కాలనీలో అంటున్నారట.