కుంచెలకు పసుపు

కుంచెకు తూలిక, ఈషిక, వర్తిక అన్న పర్యాయపదాలున్నాయని నాకు తెలుసు. దానిని కడగడం మాత్రం తెలియదు. ఈ రెండింటిలో విద్య అనదగినది ఏది అన్న సందేహం నాకు పెండ్లి అయ్యేదాకా కలగనేలేదు.

బొమ్మలు వేయడం మా ఇల్లాలికి ధర్మపురిలోని పుట్టింటి నుంచి వెంట వచ్చిన అభ్యాసం. నేను పెద్దపల్లి బడిలో తెలుగు పండితుడను. ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చిన ఆ కొత్తలో మా ఊళ్లో ఆడపిల్లలకొక బడి వెలసింది. దానికి డ్రాయింగ్ పంతులమ్మ కావలసి వచ్చింది. సర్కారువారి డ్రాయింగ్ పరీక్ష గట్టెక్కితే ఆ కొలువు మా ఇల్లాలిదేనని బడి పెద్దలు మాట ఇచ్చారు. పరీక్ష కరీంనగరంలో, దసరా వెళ్లిన వెంటనే. ఆ ఏడు తప్పితే కొలువు వేరొకరి పాలవుతుంది.

నేను హైదరాబాదు పోయినప్పుడు ఆమెకు మూడు కుంచెలు తెచ్చి ఇచ్చాను: సన్ననిది, నడిమిది, వెడల్పుది. వాటికి ఆమె చేసే ఉపచారం చూడవలసినదే గాని చెప్పనలవి కాదు. పని ముగియగానే చన్నీళ్లలో జాడించేది. అరచేతిలో సబ్బు రాచుకొని, అందులో కుంచెను మెల్లగా తిప్పి, నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ కడిగేది. తడి వెంట్రుకలను వేళ్లతో కూర్చి మొన తీర్చి, గుడ్డమీద పడుకోబెట్టేది. ఆరిన పిమ్మటనే గాజు గ్లాసులో, వెంట్రుకలు పైకి ఉండేటట్లు నిలిపేది. ఒకనాడు నేను ఔదార్యం కొద్దీ వేడినీళ్లు తెచ్చిస్తే, "జిగురు ఊడి వెంట్రుకలు రాలుతయి, మీరు జర అవుతల కూసోరి" అన్నది. కూర్చున్నాను. పెండ్లినాడు వరుడికి కూడా అంతటి మర్యాద జరగదు.

నన్ను కన్న మా అవ్వకు ఆ మర్యాద కంటగింపుగా ఉండేది. కుంచె అన్న మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఆమెకు అవి పుల్లలు.

"పొద్దంత గా పుల్లలు కడుగుడేంది పిల్లా? గింత మంచిగ గిన్నెలు తోమితే అద్దాలోలె మెరుస్తుండె."

ఇల్లాలు కుంచెలూ కడిగేది. గిన్నెలు కూడా తోమేది.

మా ఇంట నవరాత్రులలో తాతగారి గంటానికి పూజ జరిగే ఆచారం ఉంది. తాటాకుమీద రాసిన ఆ ఇనుప గంటానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, మొన కిందికి ఉండేటట్లు అందులో గుచ్చుతారు. దసరా వెళ్లేదాకా దానిని కదిలించరాదు. ఇనుము గనుక అది ఆ గౌరవాన్ని ఇన్ని తరాలుగా భరించింది.

ఆ ఏడు బతుకమ్మకు పుట్టింటికి పోయిన ఇల్లాలు దసరా ముందటి సాయంత్రం తిరిగి వచ్చి, దేవుని గదిలో అడుగుపెట్టి ఆగిపోయింది. గంటం పక్కన మూడు కుంచెలూ తలకిందులుగా, మెడలోతు బియ్యంలో కూరుకొని ఉన్నాయి. గోడకు సున్నం మెత్తినట్లు వెంట్రుకలకు ముద్దపసుపు మెత్తి ఉంది.

అవ్వ వెనుక నిలబడి సంతోషంగా చెప్పింది: "గియ్యి నీ పనిముట్లు బిడ్డా. రేపు కొలువు చేసేదానివి. మా మామ గంటం పక్కకే వెట్టిన."

ఇల్లాలి కండ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ దానిని భక్తి అనుకున్నది. అలంకారశాస్త్రంలో భావశబలత అని ఒకటి ఉన్నది. పలు భావాలు ఒకదానిపై ఒకటి విరుచుకుపడడం దాని లక్షణం. ఏళ్ల తరబడి వల్లించిన ఆ మాటకు నాకు ఆనాడే ఉదాహరణ దొరికింది.

వంటింట్లో మెల్లగా అడిగాను: "తీయమని అవ్వకు చెప్పనా?"

"ఏం మాట్లాడుతున్రు? ఇన్నొద్దులు పుల్లలు, పుల్లలన్న మనిషి గీయాల్ల పనిముట్లన్నది. గిప్పుడు తియ్యమంటరా?"

"మరి పరీక్ష?"

"గదే గదా పరేషాన్."

దసరానాడు పెద్దల చేతుల్లో జమ్మి ఆకు పెట్టి వచ్చిన తరువాత అవ్వ కుంచెలను కండ్లకద్దుకొని కోడలి చేతిలో పెట్టింది. పసుపు ఎండి రాయి అయింది. చన్నీళ్లలో నానబెడితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. సబ్బు తగిలించగానే నురుగంతా ఎర్రబారింది. "నెత్తురు!" అని అరిచాను.

"పసుపుకు సబ్బు తగిలితే ఎర్రగైతది. పారాణి ఎన్నడు సూడలేదా పండితులు?" అని ఆ కష్టంలోనూ నవ్వింది.

ఎంత కడిగినా సన్నదానికి, వెడల్పుదానికి మొన తిరిగి రాలేదు. వెంట్రుకలు కుక్కతోక వలె ఒక పక్కకే వంగిపోయాయి. నడిమిది మాత్రం పళ్లెం అంచున, బియ్యం పలుచగా ఉన్నచోట గుచ్చినందువల్ల బతికింది. దాని పసుపు రంగు పోలేదు.

హైదరాబాదు నుంచి కొత్తవి తెప్పించే వ్యవధి లేక, ఆ ఒక్క కుంచెతోనే ఆమె కరీంనగరం బస్సెక్కింది. పరీక్షలో చెట్టు, ఆకాశం, గుడిసె వేయమన్నారట. అందరూ ముందుగా ఆకాశం పూశారు. ఈమె పూస్తే నీలం పసుపు తగిలి ఆకుపచ్చ అవుతుంది. అందుకని ముందు ఆకులన్నీ వేసి, కుంచెలోని పసుపును చెట్టుకు అప్పజెప్పి, అది తేటపడిన తరువాత ఆకాశం జోలికి పోయింది.

పరీక్ష గట్టెక్కింది. కొలువు వచ్చింది. "నా పసుపు ఊకెనే పోతదా?" అని అవ్వ వాడంతా చాటింది. "అవు అత్తమ్మా" అన్నది ఇల్లాలు. ఆ ఒక్క మాటతో మా ఇంటి పూజావిధానం స్థిరపడిపోయింది.

కొత్త కుంచెలు బడి బీరువాలో చేరాయి. ఇంట్లో వాటి ఊసు లేదు. చెడిపోయిన రెండూ ప్రతి దసరాకు గంటం పక్కన బియ్యంలో నిలిచేవి. బొమ్మకు పనికిరానివైనా పూజకు అవే పనికివచ్చాయి. పండుగ వెళ్లినాక అవ్వ వాటిని వెలుతురుకు ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, కోడలిని మెచ్చుకునేది:

"ఎన్నేండ్లాయె, జరంత సుత అరుగలే. పనిముట్లను గింత పైలంగ సూసుకునేటోళ్లు ఏడున్నరు బిడ్డా?"