ముందుగా తినే సింహం

నా కూతురు బొమ్మల పుస్తకంలో సింహాన్ని చూపించగానే, జహీరాబాద్‌లో మా వంటిల్లు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు అలాంటి పుస్తకంలోనే, వేటాడేది ఎక్కువగా ఆడసింహాలనీ, ముందు తినేది మగసింహమనీ చదివి నిర్ఘాంతపోయాను. అడవికి రాజు వేటాడడా!

ఆ రాత్రి, పొద్దంతా అల్లం చేనులో పనిచేసొచ్చిన అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. నాయిన తింటున్నాడు.

"నాయినా, నువ్వు సింహమా?" అని అడిగాను.

"అవ్ బిడ్డా, సింహాన్నే!" అన్నాడు మీసం దువ్వుతూ.

"గందుకేనా, అమ్మ కష్టపడొస్తే ముందుగాల నువ్వే తింటవ్?"

నాయిన చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు. కొడతాడేమోనని అమ్మ వెనక్కి జరిగాను. నాయిన పెనం మీది రొట్టె తీసి అమ్మ పళ్లెంలో వేశాడు.

"జర కూసో. గిది నువ్వు తిను."

అమ్మ కళ్లలో నీళ్లు చూసి పొయ్యి పొగ అనుకున్నాను. అమ్మ ఎన్నడూ వేడి రొట్టె తినలేదని నాకప్పుడు తెలియదు.