ఫోటో కింద పేరు

తిరుమలగిరి దగ్గర మా బడిలో కంప్యూటర్ సారు ఉండేవారు. పిల్లలు ఆన్‌లైన్‌లో ఏ స్లైడ్‌షో చేసి చూపించినా, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఒకటే అడిగేవారు. "గీ ఫోటో ఎవరిది బిడ్డా?" ఏళ్ల తరబడి అడిగీ అడిగీ ఆయన గొంతు అరిగిపోయింది. మేం టీచర్లం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒకసారి గొర్లు కాసే ఇంటి పిల్ల 'మా మంద' అని స్లైడ్‌షో చేసింది. తెర నిండా దూదిమూటల్లాంటి విదేశీ గొర్రెలు.

"గివి మీ గొర్లేనా?"

"కాదు సార్. నెట్ల దొరికినయ్."

"మీ గొర్రె తప్పిపోయి ఎవరికన్న దొరికితే, గది వాళ్లదైతదా?"

పిల్ల తల దించుకుంది. వారం తిరక్కుండా వాళ్లమ్మ ఫోన్‌తో తనే తీసిన సొంత గొర్రెల ఫోటోలు తెచ్చింది. ప్రతి ఫోటో కింద తన పేరు రాసుకుంది. చివరి స్లైడ్‌లో నుదుటి మీద కళ్లద్దాలతో సారు ఫోటో. దాని కిందా ఆ పిల్ల పేరే.

ఆయన రిటైరైన రోజు సభలో వేసిన స్లైడ్‌షో నేను చేసిందే. పూలూ దీపాలూ నెట్‌లోవి. మధ్యలో ఆ పిల్ల తీసిన సారు ఫోటో. సారు దాన్ని చాలాసేపు చూసి, కళ్లద్దాలు పైకి తోసి నా వైపు తిరిగారు.

"మంచిగున్నది. ఎవరు తీసిన్రు సారూ?"

అందం చెడుతుందని కింది పేరు కత్తిరించింది నేనే.

"ఏమో సార్. బడి కంప్యూటర్ల దొరికింది" అన్నాను.

ఆయన కళ్లద్దాలు దించుకున్నారు.