ఉప్పు పడ్డ పుట్టగొడుగులు

మా స్కూలు వంటామె పోయిందని పోయిన మంగళవారం ఈమెయిల్ వచ్చింది. పంపినవాడు అలాస్కాలో నేను పనిచేసిన స్కూలు పాత ప్రిన్సిపాల్. ఇక్కడ ప్లేనోలో మా అమ్మాయిని డేకేర్‌లో దింపి, పార్కింగ్‌లోనే కారాపుకుని చదివాను. తన క్యాబిన్‌లో, తన మంచం మీద, నిద్రలోనే పోయిందట. ఆ కింద మూడు పేరాల పొగడ్తలు. ఆమె మా కుటుంబంలో మనిషి, మా ఊరికి వెన్నెముక, అని. ఛీ! ఆ వెన్నెముకని స్టోర్‌రూమ్ ఖాళీ చెయ్యమన్న మహానుభావుడు ఇతనే. ఆమె గురించి ఉన్నదున్నట్టు ఎవరో ఒకరు చెప్పకపోతే నాకు అన్నం సహించదు. అందుకే ఇది రాస్తున్నాను.

పదేళ్ళ కిందట హెచ్‌వన్ వీసా మీద లెక్కల టీచరుగా ఆ ఊరికి వెళ్ళాను. రోడ్డు లేదు. ఏటి మీద పడవ, లేదా మబ్బు లేని రోజున చిన్న విమానం. మా ఆయన జెర్సీ సిటీలో ఉండేవారు. మొదటి రోజు మధ్యాహ్నం వంటామె నా పళ్ళెం కేసి చూసి, "మాంసం తినవు, చేప తినవు. మరి ఇక్కడికెందుకొచ్చినట్టు?" అంది. మర్నాటి నుంచి నాకోసం బంగాళాదుంపలూ క్యాబేజీ విడిగా ఉడికించేది. గిన్నె నా ముందు ఠపీమని పెట్టి, "ఇదిగో కుందేలు మేత" అని వెళ్ళిపోయేది. ఒక్కరోజు కూడా మానలేదు.

మరుసటి వేసవిలో అడవి అంటుకుంది. ఊరు దక్కింది గానీ ఊరి చివర ఆమె క్యాబిన్ బూడిదైపోయింది. సాయం చేస్తామని సర్కారు తరఫున ఒక పెద్దమనిషి ఇస్త్రీ మడత నలగని చొక్కాతో విమానం దిగాడు. బూడిదలో ఆమెని నిలబెట్టి ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత ఇంటి కాగితాలు అడిగాడు.

"ఇంట్లో ఉన్నాయి" అంది ఆమె, బూడిద చూపిస్తూ.

అతను అదీ రాసుకున్నాడు. కాగితాలు లేవు కాబట్టి ఇల్లూ లేనట్టే, సాయం రాదని కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని స్కూలు పొయ్యిలో వేసి, "కాలిన అడవి అబద్ధమాడదు. చూడ్డానికొచ్చినవాళ్ళే ఆడతారు" అంది.

ఆ చలికాలం స్కూలు స్టోర్‌రూమ్‌లో పిండి బస్తాల పక్కన పడుకుంది. నా గదిలోకి రమ్మని నేను పిలిచానా? పిలవలేదు. గెస్టులు ఉండకూడదని కాంట్రాక్ట్‌లో ఉంది.

"ఆవిడ బస్తాల మధ్య పడుకుంటోందండీ" అన్నాను ఫోన్‌లో మా ఆయనతో.

"నీకెందుకు చెప్పు ఈ గొడవ? వీసా ఎక్స్‌టెన్షన్ అయ్యేదాకా సైలెంట్‌గా ఉండు."

ఉన్నాను. ప్రిన్సిపాల్‌ని తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవలసింది అక్కడే. వసంతం రాగానే అతను ఆమెకి చెప్పేశాడు: రూల్స్ ఒప్పుకోవు, వచ్చే చలికాలానికి వేరే చోటు చూసుకోవాలి. అక్కడి చలిలో నాలుగు గోడలూ పొయ్యీ లేని మనిషి బతకదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అడవి కాలిన మరుసటేడు, మంచు కరిగాక, నల్లటి నేలలోంచి మోరెల్స్ అనే పుట్టగొడుగులు లేస్తాయి. తేనెపట్టు ముక్కకి కాడ తగిలించినట్టుంటాయి. పెద్ద హోటళ్ళవాళ్ళు ఎగబడి కొంటారు. అవి కొనడానికి ఒక వ్యాపారి పడవేసుకుని వచ్చాడు. వంటామె అతనితో, "నాకు డబ్బొద్దు. ఒక ఇనప పొయ్యీ, పైకప్పుకి రేకులూ తెచ్చిపెట్టు. నీకు ఎండబెట్టిన సరుకిస్తాను" అని బేరం కుదుర్చుకుంది. నెలాఖరుకి వస్తానన్నాడు.

వీసా భయంతో నేను సెలవులకి ఇండియా వెళ్ళలేదు. "ఊరికే కూర్చుని ఏం చేస్తావ్? పనికి రా" అంది వంటామె. ఆమె మసిలో మోకాళ్ళ మీద పాకుతూ కోసుకొచ్చేది. ఎండబెట్టడం నా పని. "నిలువునా చీల్చు. జాలీ మీద పరుచు. గాలి తగలనియ్. ఇంకేం చెయ్యకు. పచ్చివి నోట్లో పెట్టుకోకు."

ఇంకేం చెయ్యొద్దట! ఎండబెట్టడం గురించి నాకు చెబుతోంది! కాకర ఒరుగులు, వంకాయ ఒరుగులు, మా అమ్మమ్మ దగ్గర చేతులు కాయలు కాసేదాకా చేసినదాన్ని. ఉప్పు వెయ్యకుండా ఒరుగులు పెట్టే ఇల్లాలు మా తెనాలి వైపు ఎక్కడైనా ఉందా? పాపం ముసలామెకి తెలియదు, నిలవుంటాయి కదా అని, పదిరోజుల సరుక్కీ ఉప్పూ పసుపూ పట్టించాను. ఆమెని సంతోషపెడదామని చెప్పలేదు కూడా. చదువుకున్న గాడిద అంటే నేనే.

వ్యాపారి వచ్చాడు. పడవలో పొయ్యి ఉంది, రేకులున్నాయి. నా సంచి విప్పి వాసన చూశాడు. పచ్చగా, చెమ్మగా ఉన్న ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని నవ్వాడు.

"నేను పుట్టగొడుగులు కొంటాను. వంటలు కొనను."

బతిమాలాను. తప్పు నాదని చెప్పాను. ఏడ్చాను కూడా. పడవ పొయ్యితో, రేకులతో సహా వెనక్కి తిరిగి ఏటి వంపు దాటేదాకా వంటామె చూసి, నా వైపు తిరిగింది. ఒక ముక్క తీసుకెళ్ళి ఉడికించి నోట్లో వేసుకుంది.

"ఉప్పెక్కువైంది" అంది. "తెలియకపోతే అడగాలి. అడగడానికి సిగ్గయితే పస్తుండాలి. పక్కవాళ్ళని పస్తు పెట్టకూడదు."

తర్వాత ఎండలు ముదిరి, చుక్క వాన లేక, మోరెల్స్ మళ్ళీ లేవలేదు. రేకులూ పొయ్యీ నా డబ్బుతో తెప్పిస్తానన్నాను. "ఉప్పేసింది చాలదా? ఇప్పుడు దానం కూడానా?" అంది. మా గదికి రమ్మన్నాను. తుపుక్కున ఉమ్మేసింది. తొలి మంచు పడిన సాయంత్రం మాత్రం తలుపు తట్టింది. చేతిలో సొంత గిన్నె, దుప్పటి.

"నీ కోసం రాలేదు. నా పుట్టగొడుగులు నీ దగ్గరున్నాయి."

ఆ చలికాలమంతా అవే తిన్నాం. రాత్రి నానబెట్టి ఉప్పు కడిగి, పొద్దున తను దుప్పి మాంసంలో వేసుకునేది, నేను చింతపండు పులుసులో వేసుకునేదాన్ని. నా పులుసు రుచి చూసి, "ఇది తప్పుచేసి నేర్చుకున్న కూరలా లేదు" అంది. ఆమె నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. ఒకరోజు ప్రిన్సిపాల్ మా గుమ్మంలో రెండు జతల బూట్లు చూశాడు. ఏమైనా అంటాడనుకున్నాను. చూడనట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు. పిరికివాడికి మంచితనం అంతవరకే చేతనవుతుంది. నాకూ అంతకుముందు అంతే చేతనయింది.

వసంతంలో అడవిలో నిలువునా ఎండిన కాలిన చెట్లని ఆమె కొట్టింది. బెరడు ఒలవనిచ్చింది నన్ను. మోచేతుల దాకా మసి. ఆ దుంగలతోనే పాత చోట గోడలు లేపింది. జీతం మిగుల్చుకుని తనే రేకులు తెప్పించుకుంది, పొయ్యి తెప్పించుకుంది. ఆగస్టులో చివరి మేకు కొట్టింది. తలుపు బిగించింది. నేను గృహప్రవేశానికి వచ్చినట్టు చేతిలో పాలగిన్నెతో నిలబడ్డాను.

ఆమె గిన్నె అందుకుని లోపలికి వెళ్ళి, నా మొహం మీదే తలుపు వేసేసింది. లోపల గడియ పడింది. రెండేళ్ళ తర్వాత తన తలుపు, తన గడియ. మళ్ళీ తీసింది. మళ్ళీ వేసింది. లోపల నుంచి నవ్వు వినిపించింది. మూడోసారి గడియ వేశాక ఇక తియ్యలేదు. నేను మసిచేతులతో బయటే నిలబడి, రేకుల మీద గొట్టంలోంచి మొదటి పొగ లేచేదాకా చూశాను.