సలోమమ్మ మొదటి టేక్

2023, మే నెల. తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర మెడికల్ షాపు మేడ మీద ఒక రూము నాది. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్, మైకులు, ఆ మైకులోని శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె, ఇవి మొరాయిస్తే జనం నన్ను పిలుస్తారు. ఈ ఉద్యోగంలో ఆడది ఉంటుందని ఎవురూ అనుకోరు. ఫోన్లో నా గొంతు వింటే "సార్‌కి ఇవ్వండమ్మా" అంటారు. నేనే సార్ అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇప్పుడు చెప్పేది కూడా మానుకున్నాను.

పొద్దున ఫోను తీస్తే నమస్తే లేదు, బాగుండావా లేదు. ఎర్రర్ మెసేజ్ చదివి వినిపిస్తారు. డ్రైవర్ లేదంటా ఉంది అక్కా అంటారు, పోయి చూస్తే వైరు వదులు. లైసెన్స్ చెల్లదంటా ఉంది అంటారు, చూస్తే ల్యాప్‌టాప్‌లో తేదీ తప్పు. ప్రాసెసర్ మీద బరువు ఎక్కువైందంటా ఉంది అంటారు, చూస్తే చార్జర్ తగిలించకుండా బ్యాటరీ పొదుపులో పెట్టుంటారు. ఇన్నేళ్ళు ఈ మెసేజ్‌లు చదివి చదివి, అచ్చులో ఏదైనా కనిపిస్తే నమ్మే గుణమే పోయింది నాకు.

ఆ దినం ఫోన్ చేసింది జోయెల్ అనే అబ్బాయి. తామరైపాక్కం వాళ్ళది, కాట్టుపల్లి పోర్టులో కాంట్రాక్టు పని. వాళ్ళ చర్చి పాటల కోసం ఇంట్లోనే ఒక గదిని స్టూడియోగా చేసుకున్నాడు.

"అక్కా, డిస్క్ ఫుల్ అంటా ఉంది. కొత్త హార్డ్ డిస్క్ తెచ్చి పెట్టినా. అదీ ఫుల్ అంటా ఉంది. నిన్న తెచ్చిన డిస్క్, లోపల ఏమీ లేదక్కా!"

"సరి, దేన్నీ ముట్టుకోవద్దు. రేపు వస్తాను."

"రేపు కాదక్కా. రేపు పొద్దున అమ్మను మెడ్రాస్‌లో అడ్మిట్ చెయ్యాల. థైరాయిడ్ గడ్డ, ఎల్లుండి ఆపరేషను. గొంతు మళ్ళీ ఇట్లే వస్తుందని మాట ఇవ్వలేను అనేసినాడు డాక్టరు. ఈ దినమే కావాలక్కా."

ఆ ఎండలో కదలాలని నాకు ఏమాత్రం లేదు. ఒళ్ళంతా నొప్పులు. అయినా ఆ మాట విన్నాక ఫ్యాను కింద కూర్చోబుద్ధి కాలేదు. తిట్టుకుంటానే బస్సెక్కినాను.

ఆ గదిలో గోడలకు పరుపులు ఆనించినారు, కిటికీకి దుప్పటి కట్టినారు. బయటి చప్పుడు రాకుండా అది. గాలి కూడా రాదు, అది వేరే సంగతి. మంచం మింద జోయెల్ వాళ్ళమ్మ సలోమమ్మ కూర్చోనుంది, మెడకు తువ్వాలు చుట్టుకొని, చేతిలో వేడినీళ్ళ గ్లాసు. యాభై దాటినామె. నన్ను చూసి నవ్వింది కానీ మాట సరిగా రాలేదు, గరగరలాడింది.

"రెండు దినాలుగా పాడతానే ఉండాది పావం. రికార్డు నొక్కడం, అమ్మ మొదలుపెట్టడం, మెసేజ్ రావడం. మళ్ళీ నొక్కడం. ఈ పొద్దున గొంతు కట్టేసింది" అన్నాడు జోయెల్.

పాట ఏందని అడిగినాను. సలోమమ్మ నాయన దేవసహాయం అని, తిరుత్తణి పక్కన రైలు పట్టాల మింద గ్యాంగ్‌మన్‌గా చేసినాడంట. కోత పండుగకు చర్చిలో పాడేదానికి ఆయనే సొంతంగా ఒక తెలుగు పాట కట్టినాడు. కాయితం మింద పెట్టలేదు. ఆ వరస తెలిసింది ఇప్పుడు ఈమె ఒక్కదానికే. చర్చిలో పిల్లోళ్ళంతా అరవమే చదువుతారు, అరవమే పాడతారు. ఎల్లుండి ఈమె గొంతు పోతే ఆ వరస కూడా పోతుంది. నాదీ తిరుత్తణి పక్కమే, మా ఇంట్లోనూ అట్లా పోయిన పాటలు ఉండాయి. 

ల్యాప్‌టాప్ వైపు తిరిగి చూద్దును కదా, ఈ మహానుభావుడు వరసగా ఫోల్డర్లు తుడిచేస్తా ఉండాడు.

"ఏం చేస్తా ఉండావు నువ్వు?"

"జాగా చేస్తా ఉండానక్కా. ఫుల్ అంటుంది కదా, పాతవన్నీ డిలీట్ చేసి..."

"చెయ్యి తియ్! ముందు మౌస్ మింద నించి చెయ్యి తియ్!"

అంత గట్టిగా అరిచినానని నాకే తరువాత తెలిసింది. ముట్టుకోవద్దని ఫోన్లో చెప్పింది గాలికి పోయింది. చూస్తే రెండు డిస్కుల్లోనూ బోలెడంత ఖాళీ. మెసేజ్ మాత్రం అట్లే నిలబడుంది: డిస్క్ నిండిపోయింది, లేదా రాయడానికి వీల్లేకుండా తాళం పడింది.

అప్పుడు సలోమమ్మ గొంతు కూడదీసుకొని చెప్పింది. "మొదట్నించీ చెప్తానే ఉండాను పాపా. మొదటి తూరి బాగా పాడినాను. వీడే నాకు చెవుల్లో పెట్టి వినిపించినాడు. అది ఉండాది. యాడికి పోతుంది?"

"అదే లేదమ్మా! తెరిస్తే ఫైల్ కనపడలేదని వస్తుంది కదా!" అన్నాడు జోయెల్.

"నువ్వు దాని మాటే వింటావు, నా మాట వినవు" అని మొగం తిప్పుకుంది ఆమె.

నేను ఆమె మాటే పట్టుకున్నాను. ఆ మొదటి టేక్, అంటే మొదటిసారి మొత్తం పాడిన రికార్డింగు, నిజంగానే ఉండి ఉంటే దాని తరువాత ఏదో మారింది. "పాట అయినాక నువ్వు చేసిన పనేంది? చిన్నదైనా సరే చెప్పు" అన్నాను జోయెల్‌తో.

"ఏం చెయ్యలేదక్కా. పేరు పెట్టి సేవ్ చేసినా, అంతే."

"ఏం పేరు?"

చూపించినాడు. ఓరి దేవుడా! ఒక ఫోల్డర్ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో: ప్రభువునందు నిద్రించిన తిరుత్తణి రైల్వే గ్యాంగ్‌మన్ దేవసహాయం గారి జ్ఞాపకార్థం వారి కుమార్తె సలోమి పాడిన కోత పండుగ పాట. దాని లోపల చర్చి పేరుతో, ఊరి పేరుతో ఇంకొకటి. దాని లోపల మళ్ళీ ఆ మొదటి పేరే. పెండ్లి పత్రిక కూడా అంత పొడుగు కొట్టించరు.

నవ్వు వచ్చింది, కానీ తప్పు పట్టలేను. వాళ్ళ చర్చిలో అదే వాడుక. ఎవురి జ్ఞాపకంగా ఏది ఇచ్చినా వాళ్ళ పేరూ, ఇచ్చినోళ్ళ పేరూ పూర్తిగా రాయాల. ప్లాస్టిక్ కుర్చీ వీపున ఉంటాయి, ఫ్యాను రెక్కల మింద ఉంటాయి. తాత పాటకు తాత పేరు సగం రాస్తే మర్యాదగా ఉంటుందా మరి?

జరిగింది ఇది. ప్రతి ఫైలుకూ పాత్ అని ఒకటి ఉంటుంది. ఏ డిస్కు, అందులో ఏ ఫోల్డరు, దాని లోపల ఏ ఫోల్డరు అని చివరి ఫైలు దాకా రాసే చిరునామా అది. ఈ కంప్యూటర్లలో ఆ చిరునామా మొత్తం దాదాపు రెండొందల అరవై అక్షరాలు దాటితే చాలా సాఫ్ట్‌వేర్లు ఆ ఫైలును తయారు చెయ్యలేవు. జోయెల్ పెట్టిన పేరును ఈ సాఫ్ట్‌వేర్ తీసుకొని, తానుగా ఒక ఫోల్డర్‌కీ, ప్రతి టేక్‌కీ మళ్ళీ అదే పేరు తగిలిస్తుంది. హద్దు దాటిపోయింది. ఫైలు చెయ్యబోయింది, కాలేదు. ఎందుకు కాలేదో దానికి తెలీదు. ఎవురు వచ్చినా సార్ మీటింగ్‌లో ఉండారని చెప్పే వాచ్‌మన్ మాదిరి, దానికి నేర్పిన జవాబు ఒకటే, డిస్క్ ఫుల్ అని. కొత్త డిస్క్ తెచ్చినా అదే పేరు పెట్టినాడు కాబట్టి అదే పాట పాడింది.

పాట అని చిన్న పేరుతో కొత్త ఫోల్డర్ తీసి, మైకులో హలో అన్నాను. చక్కగా రికార్డయింది. జోయెల్ తల పట్టుకున్నాడు.

కానీ మొదటి టేక్ యాడ? పేరు పెట్టకముందు పాడింది కాబట్టి అది సాఫ్ట్‌వేర్ సొంత ఫోల్డర్‌లో, అన్‌టైటిల్డ్ అనే పేరుతో ఉండాల. పొడుగు పేరుకు సేవ్ చేసినప్పుడు దాని కాపీ అక్కడికి పోలేదు, అందుకే కనపడలేదని వచ్చింది. ఆ సొంత ఫోల్డర్ తెరిచినాను. ఖాళీ.

"అన్‌టైటిల్డ్ అని ఒకటి ఉండె అక్కా" అన్నాడు జోయెల్, గొంతు తగ్గించి. "పనికిరానిదని ఈ పొద్దున తీసేసినా."

"రీసైకిల్ బిన్ ఖాళీ చేసినావా?"

వాడికి గుర్తు లేదు.  బిన్ తెరిస్తే, ఉండాది. కొన్ని వందల చెత్త ఫైళ్ళ నడుమ అన్‌టైటిల్డ్.

వెనక్కి తెచ్చి, స్పీకర్లో పెట్టినాను. ఆ గొంతు ఈ మంచం మింద కూర్చోనున్న ఆమెదేనా అనిపించింది. నిండుగా, తొణక్కుండా, ఎవురో ధాన్యం కొలుస్తా పాడినట్టు ఉంది. సలోమమ్మ తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. "నాయనా" అని మాత్రం అనింది. జోయెల్ నేల మింద కూలబడినాడు. "రెండు దినాలు సుమ్మా ఊరికే పాడించినా కదక్కా, గొంతు పోయేదాకా" అన్నాడు. 

ఫైలుకు పాట ఒకటి అని పేరు పెట్టి, రెండు చోట్ల కాపీ చేసి, బ్యాగు సర్దుకుంటా ఉంటే సలోమమ్మ అడిగింది. "నాయన పేరు యాడ పెట్టినావు పాపా?"

"అంత పేరు దీనికి పట్టదమ్మా."

 పాట దొరికిన సంతోషం సగం దిగిపోయింది ఆమె మొగంలో. అట్లా వదిలేసి పోలేకపోయినాను. మైకు ఆమె ముందరికి జరిపినాను. "నోటితో చెప్పు. ఎంత పొడుగైనా పడుతుంది."

గరగర గొంతుతో, ఆగి ఆగి చెప్పింది. తిరుత్తణి గ్యాంగ్‌మన్ దేవసహాయం, ఆయన పెండ్లాం, ఊరు, తన పేరు, కొడుకు పేరు. నడుమ ఒక తూరి దగ్గు వచ్చింది, ఒక గుటక నీళ్ళు తాగింది. దాన్ని కత్తిరించకుండా పాట చివర అతికించి, ఇచ్చి వచ్చేసినాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మాట వచ్చింది, సన్నగా. పాట రాలేదు. ఆ కేసు తరువాత ఎవురు మెసేజ్ చదవబోయినా నేను ఆపేస్తాను. అది చెప్పింది తరువాత, ముందు నువ్వు చివరగా ఏం చేసినావో చెప్పు, అంతవరకూ దేన్నీ తుడవొద్దు అంటాను. పక్కన ఎవురైనా "అట్లా కాదు, ఇట్లా జరిగింది" అంటా ఉంటే, ఫోను వాళ్ళకు ఇమ్మంటాను.

కోత పండుగ అయినాక జోయెల్ ఫోన్ చేసినాడు. ఏ మెసేజూ చదవలేదు, అదే వింత. చర్చి పిల్లోళ్ళు ఆ పాటను అరవ అక్షరాల్లో రాసుకొని, రికార్డు వింటా నేర్చుకున్నారంట. పండుగలో పాడినారంట. పాట అయినాక ఆగలేదంట. ఆ పేర్లు కూడా పాటలో చివరి చరణమే అనుకొని, తిరుత్తణి గ్యాంగ్‌మన్ దేవసహాయం అని అందరూ ఒక్క గొంతుతో చెప్పేసినారంట. అమ్మ ముందు వరసలో కూర్చోనుండె అక్కా అన్నాడు.

"పేర్లన్నీనా?"

"అన్నీ అక్కా. దగ్గుతో సహా."