నేను టిక్కు పెట్టిన కాలు

ఆ రోజుల్లో నాకు అరవై మూడేళ్లు. డెబ్బై ఒకటిలో కూర్చుని చూస్తే అది పడుచుదనమే. పొగరు కూడా ఆ వయసుకు తగ్గట్టే ఉండేది. సింగపూర్‌లో, పాసిర్ రిస్ పేటలో మా అమ్మాయి ఫ్లాటుకు వచ్చి రెండేళ్లయింది, వంటగది నా ఏలుబడిలో ఉంది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండున్నర, వెరసి ఐదున్నర గంటలు నిలబడే వండేదాన్ని. ఎడమ పిక్క మీద నీలం నరాలు పాకడం మొదలెట్టేసరికి అమ్మాయి కాళ్ల స్కాన్‌కు రోజు ఖాయం చేసి తీర్పు చెప్పేసింది. "స్కాన్‌లో ఏమైనా తేడా వచ్చిందా, ఇక వంట నాదేనమ్మా. నువ్వు సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చో." (దాని చేతి వంట తిన్నవాళ్లకు నా భయం అర్థమవుతుంది.)

లెక్క తేలనిదే నేను ఏదీ ఒప్పుకోను. ఫ్రిజ్ డబ్బాల మీద పేర్లు రాసే మార్కరుతో ప్రతి ఆదివారం ఆ నరాల కొసన గీత పెట్టి, పక్కన వారం అంకె వేసేదాన్ని. తొమ్మిది వారాల్లో పెరుగుదల ఒకటిన్నర సెంటీమీటర్లు. స్కాన్‌కు ముందు రోజు, డాక్టరుకు శ్రమ తగ్గిద్దామని గీతలన్నీ దిట్టంగా దిద్దాను. కుడి కాలు బాగుందని దాని మీద పెద్ద టిక్కు పెట్టాను.

స్కాన్ గదిలో నన్ను చిన్న మెట్టు మీద నిలబెట్టి, చీర పైకి పట్టుకోమన్న స్కాన్ తీసే పిల్ల నా గీతలు చూసి గతుక్కుమంది.

"ఆంటీ, ఆపరేషన్ ఈరోజేనా? ఏ డాక్టర్ మార్క్ చేశారు?"

"నేనే."

"ఆంటీ డాక్టరా?"

"లెక్కల టీచర్ని. రిటైరయ్యాను."

"ఐయో ఆంటీ, కాంట్ లైక్ దిస్ లా!" అంది, అలా గీసుకోకూడదని అక్కడి ఇంగ్లీషులో.

ఆపరేషన్ చేయబోయే కాలికి డాక్టర్లు ముందే అలా గుర్తు పెడతారట; నాకే ఆపరేషనూ లేదని రిసెప్షన్‌లో తేలడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తర్వాత చల్లటి జెల్ రాసి, పిక్క పిసికి వదులుతూ తెర చూసింది. పిసికితే రక్తం పైకి పోవాలట, వదిలితే కిందికి జారకూడదట. ఎడమ కాలు బుద్ధిగా ఊరుకుంది. కుడి కాలు వదిలీ వదలగానే యంత్రం బుస్సుమంది.

డాక్టరు తేల్చింది ఇది: ఎడమవి పైపై చారలు; కుడి కాలి పెద్ద నరంలో వాల్వ్ పాడై రక్తం వెనక్కి జారుతోంది. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు గానీ బిగుతు మేజోళ్లు వేసుకోవాలి, గంటల తరబడి నిలబడకూడదు.

"తప్పు లెక్కకి టిక్కు పెట్టావేంటి టీచరమ్మా?" అంది మా అమ్మాయి, లిఫ్టులో అందరూ వినేలా.

ఆ సాయంత్రమే వంటగది చేతులు మారింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని "పోపు మాడుతోందే" అంటే, "సోఫా అటుందమ్మా" అంది. ఎనిమిదేళ్లుగా అది వండిందే తింటున్నాను. బాగుందని మొదటిసారి అనిపించింది నాలుగో నెలలో. ఆ మాట దానికి ఇంతవరకూ చెప్పలేదు. అరవై మూడేళ్ల ఆ పొగరుబోతు నాలో ఇంకా కాస్త మిగిలి ఉంది, పాపం, ఉండనిద్దురూ.