రొయ్యల చెరువుకు దిష్టి

మా మావయ్యగారి రొయ్యల పంట మొత్తాన్ని ఒక్క వేలితో చంపబోయిన ఘనుణ్ణి నేను. ఆ వేలు ఇప్పటికీ సిగ్గు లేకుండా నా చేతికే ఉంది.

అప్పుడే ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఓడలరేవు దగ్గర మావయ్యగారి చెరువు మీద పడ్డాను. నీళ్లు చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలను కంప్యూటర్‌తో నడిపిస్తానన్నాను. గట్టు మీది షెడ్డులో లాప్‌టాప్ పెట్టి, దానికి యూఎస్‌బీ వైరుతో చిన్న కంట్రోలర్ బోర్డు తగిలించి, ఒక వెబ్ పేజీ తయారుచేశాను. పేజీ తెరిస్తే చాలు, అదే బోర్డుతో కలిసి ఏ చక్రం తిరుగుతోందో చూపిస్తుంది. ఇంక పాత స్విచ్చులెందుకని వాటిని పీకించేశాను కూడా.

రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి వారం ఉందనగా ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. అలాంటప్పుడు చక్రాలు ఆగితే నెలల తరబడి పెంచిన రొయ్యలు గాలి చాలక చచ్చిపోతాయి. తిరుగుతున్నాయో లేదోనని పేజీ రిఫ్రెష్ కొట్టాను. కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది కదా అంటారా? కనిపిస్తుంది. కానీ నేను ఇంజనీర్ని కదండీ!

"ఒరే అల్లుడూ, చక్రాలాగిపోయేయిరా!" గట్టు మీంచి మావయ్యగారి కేక.

మళ్లీ కొట్టాను. కాసేపటికి చక్రాలు ఒక్కొక్కటే కదిలాయి. హమ్మయ్య అనుకుని, ఎందుకైనా మంచిదని ఇంకోసారి కొట్టాను.

"మళ్లీ ఆగేయి! రొయ్యలు పైకి తేలిపోతన్నాయిరా! ఏం చేస్తన్నావక్కడ?"

"చూస్తున్నానండీ మావయ్యగారూ! చూస్తూనే ఉన్నానండీ!"

ఇంతలో అత్తయ్యగారు గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలతో వచ్చేశారు.

"ఇది దిష్టే బాబూ. ఆ పెట్టె వదిలేసి కళ్లు మూసుకుని కూర్చో."

"ఇది ఎలక్ట్రానిక్సండీ, దీనికి దిష్టేంటండీ?"

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాను. ఆవిడ బోర్డు చుట్టూ, నా చుట్టూ గుప్పిట తిప్పుతున్నారు. నేను చెవులు రిక్కించి వింటున్నాను. ఒక చక్రం చప్పుడు... రెండోది... తర్వాత అన్నీ! కళ్లు తెరిస్తే చెరువంతా తెల్లటి నురగ. రొయ్యలు కిందికి దిగుతున్నాయి. మావయ్యగారు గట్టు మీదే కూలబడి దణ్ణం పెడుతున్నారు. ఆనందంలో నా చెయ్యి దానంతటదే వెళ్లి, పేజీలో కూడా చూద్దామని రిఫ్రెష్ కొట్టింది.

అన్నీ ఆగిపోయాయి.

అప్పుడు వెలిగింది. రిఫ్రెష్ కొట్టిన ప్రతిసారీ పేజీకీ బోర్డుకీ లంకె తెగి మళ్లీ కలుస్తోంది. కలిసినప్పుడల్లా బోర్డు అప్పుడే పుట్టినట్టు మొదటికొచ్చి, చక్రాలన్నీ ఆపి, కాసేపాగి ఒక్కొక్కటే తిప్పుతోంది. ఆగుతాయేమోనని భయపడి చూసినప్పుడల్లా ఆపింది నేనే!

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, చక్రాలు మళ్లీ తిరిగేదాకా ఊపిరి బిగబట్టాను. రొయ్యలు బతికాయి.

"అత్తయ్యగారూ, దిష్టి నాదేనండీ."

"ఆయ్, మరి నేనేం చెప్పేను?"

సాయంత్రానికల్లా మావయ్యగారు పాత స్విచ్చులు పెట్టించేశారు. ఆ ఉప్పు, మిరపకాయల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: చక్కగా తిరుగుతున్న దాన్ని తిరుగుతోందా అని ఈ జన్మలో మళ్లీ చూడను. చూడక తప్పకపోతే, కిటికీలోంచి చూస్తాను.